అక్క పెరట్లో మెట్టతామర

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. చదవడం వచ్చిందన్న పొగరుతోనే చెయ్యి పాడుచేసుకున్నాను.

పటమటలో ఒకావిడ నడిపే పచ్చళ్ళ ఇంట్లో మామిడికాయ ముక్కలు తడి లేకుండా తుడవడం నా పని. ఆ ఏడు మాఘంలో మణికట్టు మీద రూపాయి బిళ్ళంత తామర లేచింది. మందుల షాపులో ట్యూబు తీసుకుని, పెట్టె మీద ‘దురద’ అన్న మాట కూడబలుక్కుని చదివి, ఇంకేం కావాలనుకున్నాను. రెండు రోజుల్లో దురద పోయింది. నెల తిరిగేసరికి మచ్చ మోచేతి దాకా పాకింది.

యజమానురాలు చూడనే చూసింది. “ఏమనుకోకండి పిన్నిగారూ. ముక్కకి బూజు పడితే జాడీ అంతా పారబోస్తాం. ఇక్కడ మీ చేతికే పట్టిందాయె. తగ్గాక రండి.”

ఆమె తప్పేం లేదు. కానీ ఆవకాయ పని నెలలో మొదలవుతుంది. అప్పటికి తగ్గకపోతే నా పీట మీద ఇంకొకరు కూర్చుంటారు.

పామర్రు దగ్గర మా అక్క ఊరికి బస్సెక్కాను. ఆమె పెరట్లో మెట్టతామర చెట్టుంది. తామరకి దాని ఆకే మందంటారు. వెడల్పాటి ఆకులు, నిలువునా లేచే పసుపు పూల కంకులు. అక్క లేతాకులు కోసి నిమ్మరసంతో నూరింది. నేను ఆత్రంగా మచ్చ మధ్యలో పూయబోతే చేతి మీద ఒక్కటి వేసింది.

“మధ్యలో ఏముందే? అది అక్కడ తినేసి ఎప్పుడో ముందుకెళ్ళింది. ఇప్పుడు అంచున ఉంది.”

కాటుకతో మచ్చకు వేలెడు బయట గీత గీసి, ఆ గీత నుంచి లోపలికి పూసుకొచ్చింది. మండింది. రోజూ అలాగే గీసి, అలాగే పూసింది.

వారానికి మచ్చ అంచు పాకడం ఆగింది. అయినా అనుమానం తీరక బెజవాడలో చర్మాల డాక్టరమ్మకి చూపించాను. నా ట్యూబు దురదని అణిచి బూజుని పెంచిందట. ఆ ఆకులో మటుకు బూజుని చంపే పదార్థం నిజంగానే ఉందని, ఇంత పెద్ద మచ్చకి అదొక్కటే చాలదని మాత్రలూ పైపూత మందూ రాసిచ్చింది. తర్వాత చెరిగీ చెరగని కాటుక గీత చూసి, ఎవరు గీశారని అడిగింది. మందు కూడా అలాగే అంచు దాటించి రాయాలట. మా అక్కకి సంతకం కూడా రాదని చెప్పాను. డాక్టరమ్మ నవ్వలేదు. బాగా గమనించిన మనిషంది.

ముక్కలు కొట్టే రోజు యజమానురాలు మచ్చ మానిన నా చేతిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూసింది. పొడిగుడ్డ ఒకటి అందించి, నా పీటకి చోటిస్తూ తను కొంచెం పక్కకి జరిగి కూర్చుంది.