అత్తయ్యకు దొరికిన చలికాలం

పోయిన వారం మా అమ్మాయి వీడియో కాల్ చేసింది. దానికి ఉత్తరాదిన ఒక కొండ ఊళ్లో ఉద్యోగం వచ్చింది. మంచం మీద బట్టలన్నీ కుప్పపోసి, ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తూ, "అమ్మా, ఇది సరిపోద్దా? దీని లోపల ఇంకోటి వేసుకోవాలా?" అని ఒకటే ప్రశ్నలు. నేనేమో తిరువూరులో ఫ్యాను కింద కూర్చుని, మెడకు పట్టిన చెమట పైటతో తుడుచుకుంటూ, మేజోళ్లు ఎన్ని కొనాలో చెబుతున్నాను. పక్క కుర్చీలోంచి మా ఆయన, "చలి సంగతి మీ అమ్మనే అడుగు. చీర మీద చీర కట్టుకుని సిమ్లా బజారంతా తిరిగిన మనిషి" అన్నారు. ముగ్గురం నవ్వుకున్నాం. ఫోను పెట్టేశాక మాత్రం నాకు నవ్వు నిలవలేదు. చీర మీద చీర కట్టే విద్య నాకు నేర్పింది మా అత్తయ్య. ఆవిడ పోయి పదేళ్లు దాటింది.

అత్తయ్య అంటే నాన్నకు అక్క. వినగడప కాపురానికి వెళ్లి, మూడేళ్లు తిరక్కుండానే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. పిల్లల్లేరు. అప్పట్నుంచీ ఆవిడ ఒంటి మీద తెలుపు, బూడిద రంగు, మహా అయితే గంధం రంగు. రంగులు కట్టొద్దని ఎవరూ నోరు తెరిచి అన్నట్టు నేనెరగను. అనాల్సిన అవసరమే రాలేదు. తిరువూరులో మేం ఎప్పుడూ వెళ్లే బట్టల షాపాయన ఆవిడ గుమ్మంలో కనపడగానే, అడక్కుండానే పై అరలోంచి ఆ వెలిసిన రంగుల కట్ట దించేవాడు. అయితే చిత్రమేమిటంటే, మా బంధువుల్లో ఎవరింట పెళ్లి జరిగినా చీరలు కొనడానికి అత్తయ్య ఉండాల్సిందే. "రంగు ఎంచాలంటే మా వదిన తర్వాతే ఎవరైనా" అనేది అమ్మ. ఏ ఒంటి చాయకు ఏ రంగు నప్పుతుందో, ఏ అంచు రెండు ఉతుకులకే వెలుస్తుందో ఆవిడ చెయ్యి వేసి చెప్పేసేది. అలా ఎంచిన చీరలు పెళ్లిలో మెరుస్తుంటే ఆవిడ మాత్రం వంటవాళ్ల దగ్గర, వెనకవైపు ఉండేది. మాకది తప్పుగా తోచేది కాదు. ఆ రోజులట్లా ఉండేవి.

మా ఆయనది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. సిమ్లాలో ఉండగా, పెళ్లయిన చాలా ఏళ్లకు, మాకు ఈ అమ్మాయి పుట్టింది. పురుడు పుట్టింట్లో పోసుకుని, పిల్లకు ఐదో నెల రాగానే తిరిగి వెళ్లాలి. కార్తీకమాసం. నాన్నకు మోకాలి ఆపరేషను కావడంతో అమ్మ కదల్లేదు. "నే వెళ్తాలేవే" అంది అత్తయ్య. మా పుట్టింటివాళ్లెవరూ అంతకుముందు తిరువూరు దాటి చలి చూసింది లేదు, నేను చెబితే నమ్మిందీ లేదు, కాబట్టి ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. నాన్న తన మఫ్లరు ఇచ్చారు. అమ్మ కర్పూరం, వాము, శొంఠి మూటలు కట్టింది. బస్టాండు దగ్గర మా దర్జీ సాయిబుగారు తెల్ల బట్టతో పొడుగు చేతుల జాకెట్లు కుట్టి, "మంచు కొండలకి వెళ్తున్నారంటగా అమ్మా, లోపల ఫ్లానల్ కూడా వేశా. ఇంక ఏ చలీ దగ్గరికి రాదు" అని అభయమిచ్చాడు. అత్తయ్య తన నేత చీరలన్నిటికీ దండిగా గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి పెట్టెలో సర్దుకుంది.

గంజి చీరలతో సిమ్లా వెళ్లడం అంటే ఏమిటో అత్తయ్యకు వెళ్లాక తెలిసింది. ఆరేసిన చీర ఆరేది కాదు, తెల్లవారేసరికి తీగ మీద అప్పడంలా బిగుసుకుపోయేది. కుచ్చిళ్లు రోడ్డు మీద తడికి చీలమండల దాకా నానిపోయేవి. చెప్పుల్లో మేజోళ్లు పట్టవు, బూట్లు వేసుకోవడానికి ఆవిడకు సిగ్గు. అప్పుడే కనిపెట్టింది చీర మీద చీర కట్టడం. లోపలి చీర వెచ్చదనానికి, పైచీర మర్యాదకు. ఆవిడకు తోడుగా నేను కూడా అట్లాగే కట్టుకుని బజారుకు వెళ్తే అక్కడి వాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. ఇంత చేసినా చలి ఆవిడ ఛాతీలోకి దిగింది. దగ్గి దగ్గి మనిషి సగమైంది. డాక్టరు మందులు రాసి, నా వంక కోపంగా చూసి, "ముందు ఈవిడకు ఉన్ని బట్టలు వెయ్యండి" అన్నాడు.

మా కింది వాటాలో ఇల్లుగలావిడ ఉండేది. అక్కడి మనిషే. తల చుట్టూ ఎర్రపూల గుడ్డ కట్టుకుని, పొద్దస్తమానం ఎండ ఎటు జరిగితే అటు ముక్కాలిపీట జరుపుకుంటూ స్వెట్టర్లు అల్లుతుండేది. ఆవిడకు తెలుగు రాదు, అత్తయ్యకు హిందీ రాదు, అయినా ఇద్దరికీ మాటలు అయిపోయేవి కావు. డాక్టరు మాట విని, "ఊలు కొనుక్కురండి, నే అల్లుతా" అంది. ఊలు దుకాణంలో ఉండలన్నీ గుట్టగా పరిచారు. ఎప్పటిలాగే అత్తయ్య చకచకా ఏరడం మొదలుపెట్టింది. "పిల్లకు ఇది బాగుంటుంది. నీకు ఇది."

"నీకు, అత్తయ్యా. నీకోసమే వచ్చాం."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. బూడిద రంగు ఉండ తీసుకుంది. కాసేపు పట్టుకుని మళ్లీ పెట్టేసింది. ఎంతమందికి ఎన్ని రంగులు ఎంచిన మనిషి, తనకంటూ ఒకటి తీసుకోవడానికి అంతసేపు నిలబడింది. చివరికి ముదురు వంకాయ రంగు ఉండ ఒకటి తీసి, నా మొహం చూడకుండా, "ఇదైతే మురికి కనపడదులే" అంది.

స్వెట్టరు అల్లడం పూర్తయిన రోజున, ఆ రంగు వేసుకోవడానికి ఇంకా సంకోచిస్తున్న అత్తయ్యను చూసి ఇల్లుగలావిడ సంగతేమిటని అడిగింది. నేను చెప్పాను. ఆవిడ అల్లిక ఒళ్లో పెట్టుకుని, తనకూ భర్త పోయి చాలా కాలమైందని చెప్పి, ఇంకో మాట అంది. అది నేను అత్తయ్యకు తెలుగులో చెప్పాను. "చలికి మొగుడున్నదీ లేనిదీ ఏం తెలుసు, అంటోంది అత్తయ్యా." అత్తయ్య ఆవిడ తల మీది ఎర్రపూల గుడ్డ వంక చాలాసేపు చూసింది. తర్వాత స్వెట్టరు తలమీదుగా తొడుక్కుంది.

ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి, ఒక్కొక్కదానికీ ఒక సాకుతో. ఆకుపచ్చ శాలువా, ధర తక్కువకు వచ్చిందని. ఎర్ర మేజోళ్లు, ఎటూ బూట్లలోనే ఉంటాయి కదా అని. మంచు పడ్డాక కుచ్చిళ్లతో వేగలేక, చీర కింద సల్వారు. కొన్నాళ్లకు చీర మానేసి, పసుపు పూల కమీజు. అది వేసుకున్న రోజు బీరువా అద్దం ముందు నిలబడి, "కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టుందే నా సంగతి" అని తనే నవ్వింది. ఆ నవ్వు నేనెప్పుడూ విననిది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, "ఎవరో కొత్తావిడ వచ్చారనుకున్నానండీ" అంటే, పిల్లను మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది. పిల్ల ఆవిడ స్వెట్టరు అంచు చీకుతూ నిద్రపోయేది. దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది, బజారుకు నాకంటే ముందు నడిచేది.

ఫాల్గుణం వెళ్లేసరికి చలి విరిగింది, నాన్న రమ్మని కబురు పెట్టారు. వెళ్లే ముందు అత్తయ్య ఆ బట్టలన్నీ మడతలు పెట్టి, మధ్యమధ్య కలరా ఉండలు వేసి, మా ట్రంకుపెట్టెలో అడుగున సర్దింది. తీసుకెళ్లమన్నాను. మనకూ సంక్రాంతి ముందు పొద్దున్నే చలి ఉంటుందిగా అన్నాను.

"మనూళ్లో చలెక్కడుందే పిచ్చిమొహమా, జనమున్నారు గానీ" అంది. "ఇక్కడే ఉండనీ. కార్తీకం రాగానే వచ్చేస్తాగా." బూడిద రంగు చీర కట్టుకుని రైలెక్కింది.

ఆ ఏడాది ఎప్పుడు ఫోను చేసినా పిల్ల క్షేమం తర్వాత రెండో మాట, "నా బట్టలకి ఎండ తగిలిస్తున్నావా?" అనే. వానాకాలంలో, "అక్కడ చలి మొదలైందా?" అని అడిగేది. ఇంకా లేదంటే, "మొదలవగానే చెప్పు. మీ ఆయన్ని టికెట్టు తియ్యమను" అనేది. అమ్మ ఫోను లాక్కుని, "మీ అత్తయ్య ఇక్కడ ఉక్కపోతలో కూర్చుని చలి చలి అంటోందే. ఊరగాయలు కూడా పెట్టేసింది అక్కడికని" అని నవ్వేది.

దసరా ముందు మా ఆయనకు బదిలీ అయింది. ఒంగోలుకి. ఎన్నో ఏళ్లుగా సొంత ప్రాంతానికి రావాలని మేం పెట్టుకున్న అర్జీ అది. నాన్న ఫోనులోనే గట్టిగా నవ్వారు. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఆఖర్న ఫోను అత్తయ్యకు ఇచ్చారు. ఆవిడకు అప్పటికే తెలిసిపోయింది.

"ఒంగోల్లో చలుండదు కదే?"

"ఉండదు అత్తయ్యా."

వెనక అమ్మ ఎవరికో శుభవార్త చెబుతున్న సందడి వినిపిస్తోంది. "మంచిదే. దగ్గరికి వస్తున్నారు. పిల్లని ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు" అంది అత్తయ్య. ఆ వెంటనే, "ఆ బట్టలు కింది ఇల్లుగలావిడకి ఇచ్చేసి రా. అంత కష్టపడి అల్లింది. పెట్టెలో మగ్గబెట్టడం దేనికి" అంది. అట్లాగే ఇచ్చేశాను. ఆవిడ స్వెట్టరు తీసుకుని మొహానికి ఆనించుకుని, ఇంకెప్పటికీ రాదా అని అడిగింది. రాదని చెప్పాను.

తర్వాత చాలా ఏళ్లు బతికింది అత్తయ్య. ఆ చలికాలం ఊసు మళ్లీ ఎత్తలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా పండగకని నేను రంగు చీర కొనబోతే, "నాకెందుకే, ఇప్పుడేం చలేస్తోందని" అనేది, తేలిగ్గానే. బట్టల షాపాయన కొడుకు షాపు చూసుకునే రోజుల్లో కూడా ఆ పై అర కట్టే దింపేవాడు. ఆఖరి ప్రయాణంలో కప్పింది కూడా తెల్ల చీరే. కప్పుతుంటే నేను చూడలేకపోయాను.

పోయిన నెల గంపలగూడెంలో మా బంధువుల పెళ్లికి వెళ్లాం. పెళ్లికూతురి పిన్నికి భర్త పోయి ఏడాది నిండిందంతే. చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, ముందు వరసలోంచి లేచి వెళ్లి అక్షింతలు వేసి వచ్చింది. ఒక్కరూ వింతగా చూడలేదు. పక్కనున్నావిడ మాత్రం, ఈ చీర ఎక్కడ తీసుకున్నావని అడిగింది. నాకు సంతోషమేసింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. చెయ్యి కడుక్కునే వంకతో బయటికి వచ్చేశాను. కాలం మారిందని అందరూ అంటుంటారు. మారింది, నిజమే. మా అత్తయ్య పోయేదాకా ఆగి, అప్పుడు మారింది.