పెట్రోలుతో కడిగిన చేతులు

రేపల్లెలో నాకో మెకానిక్ షెడ్డు ఉంది. ఊరు దాటబోయే ముందు, రోడ్డు పక్కన, రేకుల కింద. కొల్లూరు లంకల నుంచి అరటి గెలలు మోసే ట్రాలీ ఆటోలు, అడవులదీవి వైపు నుంచి చేపల వ్యాన్లు, ఊళ్లోని కొన్ని కార్లు నా దగ్గరికి వస్తాయి. చేపల వ్యాను వచ్చిందంటే నాకు చిరాకు. ఉప్పునీళ్లు కారి కారి కింద ఒక్క బోల్టూ కదలదు. డీజిలు పోసి నానబెట్టి, బండి కింద దూరి, తిట్టుకుంటూ తీయాలి. ఆ తిట్లు ఇక్కడ రాయను.

ఈ పని నేనూ మా బావా తెనాలిలో నేర్చుకున్నాం. బావ అంటే మా అక్క భర్త. అప్పటికింకా పెళ్లి కాలేదు. నాతోపాటు ఒకే షెడ్డులో పనిచేసేవాడు, తర్వాత మా ఇంటి అల్లుడయ్యాడు. అక్కడి ఓనరు మొదటి రోజు మాకు నేర్పింది ఇంజను గురించి కాదు, చేతులు కడుక్కోవడం. సాయంత్రం పని అయ్యాక, పార్టులు కడిగిన ట్రేలో మిగిలిన పెట్రోలులో మోచేతుల దాకా ముంచాలి. తర్వాత బట్టలుతికే పౌడరులో గుప్పెడు రంపపు పొట్టు కలిపి గట్టిగా రుద్దాలి. చేతులు భగ్గున మండేవి. అలా మండితేనే మురికి వదిలినట్టని ఆయన లెక్క. మేమూ నమ్మాం. రేపల్లెలో సొంత షెడ్డు పెట్టుకున్నప్పుడు పానాలతోపాటు ఆ ట్రే అలవాటునీ తెచ్చుకున్నాను.

బావ కూడా నాతోనే వచ్చేశాడు. షెడ్డు నాది, చేతులు బావవి అనేవాళ్లు ఊళ్లో. నాకు కొంచెం కష్టంగానే ఉండేది గానీ, అబద్ధమైతే కాదు. ఆయిల్ చుక్క వేళ్ల మధ్య రాసి చూసి ఇంజను లోపల ఏది అరుగుతోందో చెప్పేవాడు. ఎవరి కంటికీ కనపడని పగులు అతని వేలి చివరికి దొరికేది. నేను పేపరు మీద రాసుకుని, విప్పి, కొలిచి తేల్చే సంగతిని అతను చెయ్యి ఆనించి తేల్చేసేవాడు.

ఒకసారి బావ ఎక్కడినుంచో రబ్బరు గ్లవ్స్ తెచ్చుకున్నాడు. వేళ్ల సందుల్లో దురదగా ఉంటోందన్నాడు. షెడ్డు నిండా జనం ఉన్నారు. నేను ఊరుకోవచ్చు కదా. "ఏంటి బావా, బండికి కాన్పు చేస్తావా ఏంటి?" అన్నాను. అందరూ నవ్వారు, బావ కూడా నవ్వాడు. గ్లవ్స్ తీసి బల్ల మీద పెట్టేశాడు. మళ్లీ వాటి జోలికి పోలేదు. చేతులు నల్లగా లేని మెకానిక్‌ని ఎవరు నమ్ముతారని అప్పట్లో నా అభిప్రాయం. ఇప్పుడా అభిప్రాయం తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

దురద ముదిరి పగుళ్లయింది. వేళ్ల మడతల దగ్గర చర్మం చీలి ఎర్రగా కనపడేది. గోంగూర పచ్చడి కలుపుకుంటే బావ కళ్లలో నీళ్లు తిరిగేవి. అక్క చెంచా ఇస్తే పక్కన పెట్టేశాడు. చివరికి అక్కే కలిపి ముద్దలు పెట్టడం మొదలుపెట్టింది. నేను వాళ్లింటికి వెళ్తే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. తొడ మీద కూడా పొక్కులు వచ్చాయట. ఆ సంగతి నాకు అక్క చెప్పింది. ఆయిల్ తుడిచిన గుడ్డ రోజంతా ప్యాంటు జేబులో పెట్టుకునేవాడు, మేమందరం పెట్టుకునేవాళ్లమే. అది తామరనుకుని మందుల షాపులో అడిగి ట్యూబు తెచ్చుకుని రాశాడు. వారం రోజులు తగ్గినట్టే తగ్గి, రెండింతలైంది.

అక్క నా ప్రాణం తీసింది. "నీ షెడ్డు, నీ మనిషి. డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్లు. నేను చెబితే వింటాడా?" అంది.

సరేనని ఓ రోజు పొద్దున రైలెక్కి తెనాలి వెళ్లాం. చర్మం డాక్టరు ఒకావిడ. బావ చేతులు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం పనండి మీది?"

"మెకానిక్‌నండి."

"పని అయ్యాక చేతులు దేనితో కడుగుతారు?"

బావ చేతులు వెనక్కి తీసుకుని, "సబ్బుతోనండి" అన్నాడు.

ఆవిడ నా వైపు చూసింది. "మీరేమవుతారండి?"

"మా బావగారండి. షెడ్డు నాదే" అన్నాను. అక్కడితో ఆపేశాను.

ఎందుకు చెప్పలేదో నాకు బాగా తెలుసు. నిజం చెబితే ఆవిడ పెట్రోలు మానేయమంటుంది, కొన్నాళ్లు పని ఆపమంటుంది. షెడ్డు ముందు మూడు చేపల వ్యాన్లు ఆగి ఉన్నాయి. వాటి కింది పని బావ తప్ప ఎవరూ చేయలేరు. బావ సిగ్గుపడి అబద్ధం చెప్పాడు. నేను అవసరం కోసం ఊరుకున్నాను. రెండూ ఒకటి కాదు.

ఆవిడ ఆయింట్‌మెంట్ రాసి, చేతులు తడిగా ఉంచుకోవద్దని, నెలయ్యాక రమ్మని చెప్పింది. మేం మళ్లీ వెళ్లలేదు. పొద్దున ఆయింట్‌మెంట్, సాయంత్రం పెట్రోలు. ఇలా ఆరేడు నెలలు గడిచాయి. ఎండలు ముదిరేసరికి బావ చేతులు వాచి, నీరు కారడం మొదలైంది. కనురెప్పలు కూడా ఉబ్బాయి. అప్పుడు పానా పట్టుకుంటే పిడికిలి ముడుచుకునేది కాదు.

ఈసారి అక్క కూడా వచ్చింది. డాక్టరు మళ్లీ అదే ప్రశ్న అడిగింది. మేమిద్దరం నోరు తెరిచేలోపు అక్క అందుకుంది.

"పెట్రోలుతో కడుగుతారండి. పాతికేళ్ల నుంచి. పైన బట్టల పౌడరు, రంపపు పొట్టు. ఇద్దరూ అంతే."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "మొదటిసారి వచ్చినప్పుడు అడిగాను కదండీ."

బావ తల దించుకున్నాడు. ఆవిడ చూసింది మాత్రం నన్ను. నాకు తల కొట్టేసినట్టయింది.

ఒంటికి ఏది పడటం లేదో తేల్చడానికి బావ వీపు మీద మందులు పూసిన చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజులు స్నానం చేయవద్దన్నారు. ఆ ఎండల్లో అదో నరకం. ముగ్గురం మళ్లీ వెళ్తే వాటిని ఊడదీసి చూసి, ఏవి పడటం లేదో డాక్టరు చెప్పింది. రబ్బరులో కలిపే మందొకటి, లోహాల్లో ఉండేదొకటి. పెట్రోలు చర్మంలోని నూనెనంతా లాగేస్తుందని, ఆ పగుళ్లలోంచి మిగతావన్నీ లోపలికి దిగుతాయని, ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఇక జీవితాంతం పడదని విడమరిచి చెప్పింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

బావ ఒక్కటే అడిగాడు. "పని చేసుకోవచ్చాండి?"

"ఆ పెట్రోలు మొదట్లోనే మానేసుంటే చేసుకునేవారేమోనండి. ఇప్పుడు ఇంకో పని చూసుకోండి" అంది ఆవిడ.

తిరుగు రైల్లో, జంపని స్టేషను దాటాక, బావ కిటికీలోంచి చూస్తూ, "ఈ వయసులో ఇంకో పని ఏం నేర్చుకుంటాను" అన్నాడు. అది నన్ను అడగలేదు.

బాపట్లలో తెలిసినవాళ్ల స్పేర్ పార్ట్స్ షాపులో కౌంటరు మీద చేరాడు. అక్కా అతనూ సామాను సర్దుకుని వెళ్లిపోయారు. అట్టపెట్టెలో ఉన్న పార్టు అట్టపెట్టెలోనే అందించాలి, అంతే పని. ఏ బండికి ఏది కావాలో అడగకముందే చెబుతున్నాడని షాపువాళ్లు నాతో గొప్పగా చెప్పారు. నాకేమీ గొప్పగా అనిపించలేదు.

తర్వాత నేను షెడ్డు మార్చాను. పెట్రోలు ట్రే తీసేశాను. పార్టులు కడగడానికి మూతపెట్టే డబ్బా, బ్రష్షు పెట్టాను. కుళాయి దగ్గర మామూలు సబ్బు, ఎవరి తువ్వాలు వాళ్లకి, పక్కన చేతులకు రాసుకునే క్రీము. ఆయిల్ గుడ్డ జేబులో కనపడితే ఎవరి జేబైనా సరే నేనే లాగి పారేస్తాను. గ్లవ్స్ విషయంలో మాత్రం మొదట బోల్తాపడ్డాను. ఆసుపత్రిలో వాడే పల్చటివి పెట్టెడు తెచ్చాను. పెట్రోలు తగలగానే వేళ్ల మీద సాగిపోయి బంకలా అంటుకున్నాయి. ఆ తర్వాత వాకబు చేసి పెట్రోలుకు సాగని నీలం రంగువి తెచ్చాను. చిరగగానే మార్చాలి, చెమట పడితే తీసి ఆరబెట్టుకోవాలి, తడి చేతికి తొడగకూడదు. ఇవన్నీ నా దగ్గరున్న ఇద్దరు మెకానిక్‌లకు చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. ఒక కారాయన చూసి, "ఏంటి, ఆపరేషన్ థియేటర్ పెట్టావా?" అన్నాడు. "అవునండి, కూర్చోండి, మీకూ చేసేస్తాను" అన్నాను. ఆయన మళ్లీ రాలేదు. పోతే పోయాడు.

మొన్న వేసవి వెళ్లాక, చుట్టాలింట్లో నిశ్చితార్థానికి బావ రేపల్లె వచ్చాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక నేరుగా షెడ్డుకొచ్చాడు. తెల్ల చొక్కా. చేతులు మానాయి, గోళ్ల కింద కూడా నలుపు లేదు. కుళాయి, సబ్బు, తువ్వాళ్లు అన్నీ ఒకసారి చూశాడు. "బాగానే పెట్టావు" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు.

షెడ్డులో ఒక చేపల వ్యాను ఉంది. రెండు రోజులుగా దాని చప్పుడు మాకు అంతు చిక్కడం లేదు. బావ దూరంగా నిలబడి విన్నాడు. రెండడుగులు ముందుకొచ్చాడు, మళ్లీ ఆగాడు.

నేనే అన్నాను. "ఇవి రబ్బరువి కావు బావా, వేరే రకం. తొడుక్కుని ఒక్కసారి చూడు. ఏం కాదు."

నాకేం తెలుసని అలా అన్నానో ఆ దేవుడికే తెలియాలి. బావ చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. గ్లవ్స్ తొడుక్కుని బండి కింద దూరాడు. కాసేపటికి, వేలికి తెలియడం లేదని కుడిచేతి గ్లవ్ వేలి కొన దగ్గర కొంచెం చింపుకున్నాడు. నేను చూశాను. గంటలో చప్పుడు పట్టుకున్నాడు. బయటికొచ్చి సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, నా భుజం మీద ఒక్కటి చరిచి, "ఇది కూడా తెలియలేదట్రా బామ్మర్దీ" అన్నాడు. మధ్యాహ్నం మా ఇంట్లో కడుపునిండా తిన్నాడు. అంత సంతోషంగా ఉండగా అతన్ని చూసి ఎన్నాళ్లయిందో.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసి చేతులెలా ఉన్నాయని అడిగాను. "భేషుగ్గా ఉన్నాయి" అన్నాడు. ఇంకో రెండు రోజులకు అక్క తనంతట తాను ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"చేతులు మళ్లీ పగిలాయిరా. మణికట్ల దాకా. తెనాలి డాక్టరుకి చూపించాం. ఆ నీలం గ్లవ్స్‌లో కూడా ఆ రబ్బరు మందే కలుపుతారంట. షాపులో అట్టపెట్టె కూడా పట్టుకోలేకపోతున్నాడు."

"నేను అడిగితే బాగున్నాయన్నాడే?"

"నీకు చెప్పొద్దన్నాడు. చెబితే ఇంకెప్పుడూ షెడ్డులో బండి ముట్టుకోనివ్వవంట."

బావను రావద్దని నేను అనలేదు. అనే మొహం నాకు లేదు. ఇప్పటికీ రెండు నెలలకోసారి వస్తాడు, వస్తున్నానని ముందే ఫోన్ చేస్తాడు. ఆ రోజు ఇద్దరు మెకానిక్‌లకూ సెలవిచ్చి, షెడ్డుకు తాళం వేసి, స్టేషనుకు ఎదురు వెళ్తాను. "ఇవాళ కూడా బండ్లు లేవా?" అంటాడు. లేవంటాను.