పెదనాన్న కట్టిన కూలని ఇల్లు

స్వీడన్‌లోని సుండ్స్‌వాల్‌లో మా పెదనాన్న టొర్‌స్టెన్ కట్టిన గోడలు ఇప్పటికీ మంచును మోస్తూ నిలబడి ఉన్నాయి. నలభై ఏళ్లు తాపీ పట్టాడు. ఒక్క ఇటుకా ఆయన మాట కాదనలేదు. అల్లం బిస్కెట్ పలకలతో ఆయన కట్టే బొమ్మరిల్లు మాత్రం ఏటా మొండికేసేది. క్రిస్మస్‌కు నిలబెడితే, కొత్త సంవత్సరం రాకముందే కప్పు నిద్రమత్తులో ఉన్నట్టు ఒరిగి, ఏ మధ్యాహ్నమో చప్పుడు చేయకుండా కూలబడేది.

ఆ ఇంటిని జనవరి పదమూడున, క్నూట్ రోజున, అందరం కలిసి బద్దలుకొట్టి తినాలి. ఆ తర్వాతే క్రిస్మస్ చెట్టు బయటికి పోతుంది, పండగ ముగుస్తుంది. ముందే కూలిన ఇంట్లో కొల్లగొట్టడానికి ఏముంటుంది?

పోయిన డిసెంబరులో గున్నెల్ పెద్దమ్మ తేల్చేసింది.

"ఈసారీ కూలిందంటే వచ్చే ఏడు డబ్బా కొనుక్కొస్తా. గోడలన్నీ కాల్చి, కోసి పెట్టి అమ్ముతున్నారు."

తాపీ మేస్త్రితో అనాల్సిన మాటేనా అది? పెదనాన్న అటక మీంచి, గోడ వాలు బుడగతో చూపించే రసమట్టం దించాడు. గోడలు రెండు వేళ్ల మందాన వత్తాడు. ఒకసారి కాల్చి, చాలదని మళ్లీ కాల్చి, పొయ్యి పక్కన మూడు రోజులు ఆరబెట్టాడు. కరిగిన పంచదారతో అతికిస్తూ బొటనవేలు కూడా కాస్త అతికించుకున్నాడు.

ఇల్లు నిలబడింది. కిటికీలోంచి జనవరి వెలుగు పలచగా, నీలంగా వచ్చి రోజూ దాని కప్పు మీద కాసేపు కూర్చుని వెళ్లేది.

క్నూట్ రోజున అందరం చుట్టూ చేరాం. మా తమ్ముడు అప్పడాల కర్రతో ఒక్కటి వేశాడు. కర్ర పిడి ఊడి సోఫా కిందికి దొర్లింది. నేను ఇనప గరిటెతో ప్రయత్నించాను. గరిటె వంగింది. ఒక్కో దెబ్బకీ పెదనాన్న కొంచెం పొడుగవుతున్నాడు.

"నిలబడాలన్నాను గానీ కోట కట్టమన్నానా? తినడానికి పనికిరాని ఇల్లు నిలబడితేనేం, కూలితేనేం. డబ్బాయే ఇక" అంది పెద్దమ్మ.

పెదనాన్న మొహం వాడిపోయింది. తనే సుత్తి తెచ్చి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కట్టడం తప్ప ఎరగని చెయ్యి అది.

అప్పటిదాకా మూల కుర్చీలో కునుకుతున్న నాయనమ్మ ఆల్‌ఫ్‌హిల్డ్ లేచింది. ఆవిడకు తొంభై మూడేళ్లు, మూడు పళ్లు. కాఫీ కూజా అందుకుని, తొణక్కుండా బిస్కెట్ ఇంటి పొగగొట్టంలోకి మొత్తం ఒంపేసింది. కిటికీల్లోంచి ఆవిరి వచ్చింది. ఇల్లు నిట్టూర్చింది. ముందు గోడ మెల్లగా మోకాళ్ల మీద కూర్చుంది.

నాయనమ్మ చెంచాతో గుమ్మం తీసి నోట్లో వేసుకుంది.

"ఎన్నాళ్లకు దొరికిందిరా నాకూ ఓ ముక్క. వచ్చే ఏడూ ఇలాగే కట్టరా టొర్‌స్టెన్. ఆ డబ్బా ఇళ్లు కాఫీకి ఆగవు."

పెద్దమ్మ తనకూ ఓ చెంచా తెచ్చుకుంది. తమ్ముడు చెట్టును బయటికి ఈడ్చుకుపోయాడు.

కాఫీ మడుగులో వెనక గోడ ఒక్కటే మిగిలింది. పెదనాన్న దాని మీద రసమట్టం పెట్టి, వంగి చూశాడు. బుడగ సరిగ్గా మధ్యలో ఉంది. అప్పుడు తిన్నాడు ఆ గోడను.