బటన్ బటన్ అన్న కోడలు

ఆ వయసులో నాకు చూపు కంటే పరువు ముఖ్యంగా ఉండేది. నాందేడ్‌లో ఒక లారీ పార్సెల్ ఆఫీసులో బిల్టీలు, అంటే సరుకు రసీదులు, టైపు చేసే కొలువు నాది. హిమాయత్‌నగర్‌కు మూడు బస్తాలు, నాయ్‌గావ్‌కు రెండు పెట్టెలు, ఇదే పని. అప్పటికే కళ్లకు పక్కలు కనబడడం మానేసి, నడుమ చిన్న కిటికీ అంత చూపే మిగిలింది. అక్షరాలు కూడా అలుక్కుపోతుంటే, తెర మీది రాతను, నొక్కే బటన్లను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో పెట్టుకుని, చెవుల మీదికి జుట్టు పెంచి (అందరూ సినిమా పిచ్చి అనుకున్నారు) ఇయర్‌ఫోన్ దాచాను. తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని భయం. ఇంట్లోనూ చెప్పలేదు.

అందులో చదివేది ఆడగొంతు. పక్క బల్ల దగ్గర కూర్చునే మీసాల కాకా ఒకరోజు అది విననే విన్నాడు. మా గల్లీలోనే ఉంటాడు కనుక సాయంత్రానికల్లా అమ్మకు కబురందింది. "అక్కా, మీ పోరడు పొద్దంత ఎవల్తోనో ఫోన్లనే ఉంటుండు. ఆమెనే మాట్లాడుతది, వీడు నోరు తెరవడు. పెండ్లి గిట్ల అయిపోయిందో ఏమో!" అన్నాడట. అమ్మ నిలదీస్తే నేను సిగ్గుపడినట్టు తలవంచుకున్నాను. కళ్లు పోతున్నాయని చెప్పడం కంటే ప్రేమలో పడ్డాననిపించుకోవడమే సులువనిపించింది.

వారం తిరక్కుండా అమ్మ అన్నం డబ్బాతో ఆఫీసుకు వచ్చింది. "మరాఠోళ్ల పిల్లయినా మంచిదే బిడ్డా. ఒక్కసారి నాకియ్యి, మాట్లాడత," అంటూ నా ఇయర్‌ఫోన్ లాగి తన చెవిలో పెట్టుకుంది. కొంగు సర్దుకుని ఎంతో మర్యాదగా, "మంచిగున్నవా అమ్మా?" అని అడిగింది. కంగారులో నా వేళ్లు ఏ మీటల మీద పడ్డాయో!

"ఏందిరా, బటన్ బటన్ అంటది? గిదేం పిల్ల?"

కాకా పగలబడి నవ్వాడు. నేనూ నవ్వబోయి, అమ్మ చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసేశాను. ఉన్నదంతా చెప్పేశాను. కాకా నవ్వు ఆగిపోయింది.

అమ్మ ఏడవలేదు. నా కుడిపక్క నిలబడి, "నేను కనబడుతున్ననా?" అంది.

"లేదమ్మా."

రెండడుగులు జరిగి బల్లకు ఎదురుగా వచ్చింది. "గిప్పుడు?"

"కనబడుతున్నవ్."

"అయితె ఈడనే ఉంట," అని నేను తిన్నంతసేపూ కదలకుండా నిలబడింది.

కొలువు పోలేదు. "కామ్ హో రహా నా? బస్," అన్నాడు ఆఫీసు యజమాని సేఠ్, పని జరుగుతుంటే చాలన్నట్టు. నడుమ మిగిలిన చూపు మాత్రం రెండేళ్లకు పోయింది. ఆనాటి తెలివిగల కుర్రాడిని తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. ఎక్కడ కనిపెడుతుందోనని నాలుగు నెలలు అమ్మకు ముఖం చాటేసి తిరిగాడు, వెర్రివాడు. ఆమె ముఖం ఇంకా చూడగలిగిన నెలలవి.