డ్యాష్‌బోర్డు మీద నామం

నాకు ఇరవై ఆరేళ్లున్న ఆ రోజుల్లో, నేను గెలవలేని వాదన ఒకటి ఉంటుందని నమ్మేవాణ్ణి కాదు. (అసలు ‘నమ్మకం’ అన్న మాటే నా రాతల్లో ఉండేది కాదు. పొరపాటున రాస్తే కొట్టేసి ‘నిర్ధారణ’ అని దిద్దుకునేవాణ్ణి.) మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. గ్రహణం వచ్చిందంటే నడివీధిలో నిలబడి అన్నం తినేవాణ్ణి. పిల్లి ఎదురొస్తే పనిగట్టుకుని దాని వెనకాలే నాలుగడుగులు నడిచేవాణ్ణి. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నప్పుడు చక్రాల కింద పెట్టడానికి అమ్మ తెచ్చిన నిమ్మకాయలను పిండి, షర్బత్ చేసి ఆమెకే తాగించాను. వాయుపీడనం మీద నా పాఠం బాగుంటుందని పిల్లలు చెప్పుకునేవారట. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు నన్ను చూసి నవ్వడానికి పనికొస్తుంది.

మా మేనత్త పుంగనూరు పక్క పల్లెలో ఆవులతో బతికిన మనిషి. చదువు లేదు. వీపు తిప్పుకుని కసువు కోస్తూనే, వెనక నడిచే ఆవు ఏ కాలు ఎత్తి వేస్తోందో చప్పుడును బట్టి చెప్పేది. ఆమె అక్క, అంటే మా పెద్దత్త, కుప్పం దాటాక గుడుపల్లె దగ్గర ఊళ్లో మంచం పట్టి ఉంది. ఆ పొద్దున పెద్దత్త కొడుకు ఫోన్ చేశాడు. “మనుషుల్ని గుర్తుపడతాండాది. జున్ను కావాలంటాంది. బిరీన రాండి” అన్నాడు. అత్త ఆవు ఈని రెండు రోజులయింది. స్టీలు డబ్బాలో జున్ను పెట్టుకుని, పైన తడిగుడ్డ చుట్టుకుని, నేను వెళ్లేసరికి వాకిట్లో నిలబడి ఉంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, నాకూ కాస్త పెట్టమన్నాను. “మా అక్క నోట్లో రెండు ముద్దలు పడనీ, ఆ పైన నీకు” అంది.

పుంగనూరు దాటి కొంచెం దూరం వెళ్లామో లేదో, డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చటి దీపం వెలిగింది. టైర్లలో గాలి తగ్గితే వెలిగేది. అది మీరూ చూసే ఉంటారు. రెండు పక్కలా పైకి లేచిన గిన్నెలాంటి గీత, నడుమ నిలువుగీత, దాని కింద చుక్క. నిజం ఒప్పుకోవాలంటే అచ్చం నామమే. తిరుమల కొండకు ఇంత దగ్గర పుట్టిన కళ్లకు అది మరోలా కనపడదు. అత్త డబ్బా ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ జోడించింది.

“సూడప్పా, సామి నామం!”

“నామం కాదత్తా. టైరును అడ్డంగా కోస్తే కనపడే బొమ్మ అది. గాలి తగ్గిందని గుర్తు.”

“గాలి తగ్గిందని సామి సెప్తాండాడు. నిలుపు, దిగి సూడు.”

“చెప్తున్నది సామి కాదు, సెన్సరు.”

“ఎవురైతే ఏమప్పా, సెప్పినారు గదా. దిగి సూస్తే నీదేం పోతాది?”

నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆపానంటే నామం చెప్పిందని ఆపినట్టే. రేపు ఊరంతా చెబుతుంది. “ఈ సెన్సర్లు ఎండకు ఒక్కోసారి ఊరికే వెలుగుతాయి” అన్నాను. (పరికరం చెప్పిన సాక్ష్యాన్ని తోసిపుచ్చిన హేతువాదిని నేనొక్కణ్ణేనేమో.) అంతటితో ఊరుకోక, సీటు మీదున్న, మూఢనమ్మకాల మీద నేనే అచ్చేయించిన కరపత్రం ఒకటి మడిచి ఆ దీపం కనపడకుండా అడ్డం దోపాను. కరపత్రం పేరు ‘కళ్లు తెరిచి చూడు’. పలమనేరు దాకా శకునాల మీద ఉపన్యాసం ఆగలేదు. అత్త వినలేదు, రోడ్డు చప్పుడు వింటోంది.

“అబ్బోడా, ఎడంపక్క ముందుకాలు కుంటతాండాది. నీ చెయ్యి సూసుకో, చక్రాన్ని కుడికి లాక్కుంటా ఉండావు. అదో, గాలి పట్టే మిషను.”

“కుప్పంలో చూద్దాంలే అత్తా.”

“కుంటే ఆవునైతే నేను సంతకు గూడా తోలను” అని మాత్రం అంది.

పలమనేరు దాటాక కారు ఎడమపక్కకు కుంగి, రబ్బరు కాలిన వాసనతో నిలిచిపోయింది. స్టెప్నీ తీద్దామని డిక్కీ ఎత్తాను. స్టెప్నీ గుంతలో ఐదు కట్టల కరపత్రాలు! అవి పట్టడం లేదని స్టెప్నీని వారం ముందే ఇంట్లో దించేశాను. అత్త వంగి చూసింది.

“ఇయ్యి గాలి పట్టుకుంటాయా నాయనా?”

అంతలో కుప్పం బస్సు వచ్చింది. అత్త చెయ్యెత్తబోతే నేనే ఆపాను. “పంక్చరు వేయిస్తే పది నిమిషాల పని, ఆ రద్దీలో డబ్బా పట్టుకుని ఏం నిలబడతావు” అన్నాను. జీవితంలో నేను గెలిచిన చివరి వాదన అదే అనిపిస్తుంది.

కబురు పెడితే పక్క ఊరి పంక్చర్ అంగడాయన వచ్చి, చక్రం విప్పి తల ఊపాడు. “చిన్న ఇనప మొల గుచ్చుకునింది సార్. ముందే నిలబెట్టి గాలి పట్టింటే అయిపోయేది. గాలి లేకుండా తోలి తోలి టైరు నమిలేసినారు. ఇంగ కొత్తది తేవాల్సిందే. లైటు ఎలగలేదా సార్?”

నేను నోరు తెరిచేలోగా అత్త అంది. “ఏ లైటూ ఎలగలేదప్పా. పాత బండి.”

ఆ నామానికి చేతులు జోడించిన మనిషి, నా కోసం అది వెలగనే లేదని అబద్ధమాడింది. నేను సరిచెయ్యలేదు. పలమనేరు నుంచి టైరు వచ్చి బిగించేసరికి రెండు గంటలు పట్టింది. అత్త రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, డబ్బా మీది గుడ్డ ఆరినప్పుడల్లా సీసాలో నీళ్లతో తడుపుతూనే ఉంది.

పెద్దత్త ఊరి వీధి మలుపులోనే ఏడుపులు వినపడ్డాయి. పెద్దత్త కొడుకు ఎదురొచ్చాడు. “ఇంతసేపు యాల సిన్నమ్మా? అర్ధగంట ముందు దాకా వాకిలి పక్కే సూస్తా ఉండింది. సెల్లెలు జున్ను తెస్తాదనింది.”

“పాలు పితికి బయలుదేరేతలికి పొద్దుపోయింది నాయనా. తప్పు నాదే” అంది అత్త. నా వైపు చూడలేదు.

డబ్బా తెరిచి, వేలి కొసతో కాస్త జున్ను తీసి అక్క పెదవులకు రాసింది. ఏడ్చింది. చాలాసేపటికి బయటికొచ్చి, పందిరి గుంజ పక్కన నిలబడ్డ నా చేతిలో డబ్బా పెట్టింది. “తినప్పా. పొద్దున్నించీ వట్టి కడుపుతో మాట్లాడతానే ఉండావు.”

తిన్నాను. ఆ రుచి ఎలా ఉందని అడగకండి.

అత్త పోయి రెండేళ్లయింది. ఆ రోజు సంగతి ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి, నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఏదో ఒకటి వాదించి బయటపడేవాణ్ణేమో. నేను ఇప్పటికీ ఆ ఉపన్యాసాలే ఇస్తున్నాను, ఒక్క అక్షరం వెనక్కి తీసుకోలేదు. దేవుడు లేడు. కానీ ఆ దీపం వెలిగితే మాత్రం ఎక్కడున్నా కారు పక్కకు తీసి దిగుతాను. ప్రతి టైరునూ అరచేత్తో నొక్కి చూస్తూ బండి చుట్టూ ఒక చుట్టు తిరుగుతాను. మొన్న వాల్మీకిపురం దగ్గర బస్సు కోసం నిలబడ్డ ఒక ముసలమ్మ అది చూసి, ప్రదక్షిణ అనుకుందేమో, కారుకు దణ్ణం పెట్టింది. ఇరవై ఆరేళ్లవాడైతే అక్కడే సభ పెట్టేవాడు, పాపం. నేను నవ్వి, ఎడంపక్క ముందు టైరు దగ్గర ఇంకాసేపు కూర్చున్నాను.