ఖాళీగా తిరిగిరాని గిన్నె

మర్గిలాన్ పట్నంలో మా వీధి తందూరు పొయ్యి ఖుమ్రీ అక్కది. మిల్లువాళ్లు పిండి, టీకొట్టువాళ్లు కట్టెలు ఇస్తే, ఆమె రొట్టెలు కాల్చి లేనివాళ్ల ఇళ్లకు గిన్నెల్లో పంచేది. ఒక చలికాలం, భర్త పోయిన సనాబర్ మాత్రం తలుపు తీయలేదు. పిల్లలు పస్తులున్నారని అందరికీ తెలుసు. కానీ పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపడం మాలో లేదు.

"గిన్నెలో ఏం పెట్టి పంపను అక్కా?" అంది సనాబర్ లోపలినుంచే, ఒకరోజు అక్క రొట్టెల గిన్నెతో వచ్చి తలుపు తడితే.

"నీ పెరట్లో మంచు లేదూ? అదే పెట్టి పంపవే తల్లీ! టీ కాచే సమోవార్‌కి నీళ్లు మోయలేక చస్తున్నా."

తలుపు తెరుచుకుంది.

ఆ చలికాలమంతా అక్క ఇంట్లో మేం తాగిన టీ సనాబర్ మంచుదే. ఆ రుచి ఇంకా నోట్లోనే ఉంది. అక్క వాకిట్లోనూ మంచు మోకాలెత్తు ఉండేదని ఎవరమూ అనలేదు.