అడక్కుండా పంపిన పుస్తకం

మా తెలుగు క్లాసు ఆంటీ పోయారని మంగళవారం పొద్దున హౌగాంగ్ మెట్రో స్టేషన్లో ఉండగా మెసేజ్ వచ్చింది. ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఇకమీదట రచయితలకు ఫోన్ చేయాల్సింది నేనేనని.

మీకు ఆమె తెలియదు కాబట్టి చెబుతాను. ఆదివారాలు తన ఫ్లాట్ హాల్లోనే ఈ దేశంలో పెరుగుతున్న మన పిల్లలకు తెలుగు చదవడం నేర్పేవారు. ఒక్క కథ జిరాక్స్ తీయాలన్నా ముందు ఆ రచయితకు ఫోన్ చేసి, ఎంతమంది పిల్లలో చెప్పి, సరేనంటూ ఉత్తరం తెప్పించుకునేవారు. ఉత్తరం రాకపోతే ఆ వారం కథ ఉండదు, గుణింతాలే. క్లాసులో సాయానికి వెళ్ళే నేను విసుక్కుంటే, "అడిగితే ఏవవుద్దమ్మా? కాదంటారు, అంతేగా!" అనేవారు. ఆ కాదనడమంటేనే నాకు హడల్.

నిరుడు ఒంట్లో బాగోక ఒక ఆదివారం క్లాసు నాకు అప్పగించారు. విజయనగరం రచయిత ఒకాయన దగ్గర్నుంచి ఉత్తరం ఇంకా రాలేదు. "పీడీఎఫ్ పంపేయ్ లా, అమ్మా!" అంది మా అమ్మాయి, ఇక్కడి వాళ్ళ యాసలో. ఒక్క కథ కాదు, పుస్తకం మొత్తం ఫోన్‌తో స్కాన్ చేసి తల్లిదండ్రుల గ్రూపులో పెట్టేశాను. పది రోజుల్లో అది ఊళ్ళన్నీ తిరిగి ఆయన ఫోన్‌కే చేరింది.

ఆయన ఆంటీకి ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. స్పీకర్లో ఆయన మాటలు నాకూ వినిపిస్తున్నాయి. "సొంతంగా అచ్చేసుకున్నానమ్మా. కాపీలన్నీ మంచం కిందే ఉన్నాయి. ఇప్పుడింకెవరు కొంటారు?"

కేసు, ఉద్యోగం, ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్ అన్నీ ఒక్కసారే నా కళ్ళముందుకొచ్చాయి. ఆంటీ నా వంక చూసి, "నేనే పంపానండీ, తప్పయిపోయింది," అన్నారు. నేను నోరు విప్పలేదు.

తర్వాత తిట్టనూ లేదు. గ్రూపులోని ప్రతి ఇంటికీ నాచేతే ఫోన్ చేయించి పీడీఎఫ్ తీసేయించారు. ఆయన దగ్గర కాపీలు కొని తెప్పించి పిల్లలకిచ్చారు. "మిగతాది నీకు ధైర్యం వచ్చినప్పుడు ఆయనకి చెప్దువుగానిలే," అన్నారు. ఆమె ఉండగా ఆ ధైర్యం రాలేదు. అందుకు చాలా సిగ్గుగా ఉంది.

ఆమె పోయిన కబురు మిగతా రచయితలందరికీ చెప్పాను. విజయనగరం ఆయన నంబరు దగ్గర మూడు రోజులు ఆగిపోయాను. నిన్న సాయంత్రం చేశాను.

"అయ్యో!" అన్నారాయన. "నా పుస్తకం చాలామంది పంచుకున్నారమ్మా. నేనే చేశానని ఒప్పుకున్న మనిషి ఆవిడొక్కర్తే."

"ఆవిడ కాదండీ. పంపింది నేను."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆయన ఏమన్నా విందామని ఫోన్ పెట్టేయకుండా, చెవికి నొక్కి పట్టుకుని, అలాగే నిలబడ్డాను.